గొంతు ఆపరేషన్ తర్వాత మళ్లీ క్లాసు చెప్పడం

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం నాది. దానికి తోడు పాతికేళ్ల సిగరెట్ అలవాటు. బొంగురు గొంతు 3 వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాల్సిందేనని మా వీధి మెడికల్ షాపు ఆయన పోరుపెట్టి పంపాడు. ఎడమ స్వరతంత్రి మీద తెల్లటి మచ్చ కనిపించింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. టి1ఏ దశ అన్నారు. అంటే జబ్బు ఒక్క తంత్రి దాటి పోలేదు, తంత్రులు రెండూ మామూలుగానే కదులుతున్నాయి.

నోట్లోంచే లేజర్‌తో తీసేయడం ఒక దారి. వారానికి 5 రోజుల చొప్పున ఐదారు వారాలు రేడియేషన్ ఇంకో దారి. నయమయ్యే అవకాశం రెండింటిలోనూ దాదాపు ఒకటేనట. "మరి గొంతో?" అన్నాను. "ఎంత లోతుగా తీయాల్సొస్తుందో దాన్నిబట్టి ఉంటుంది మాస్టారూ" అన్నారు డాక్టరుగారు.

ఈ ఆపరేషన్‌లో లోతును బట్టి, ఎంత మేర తీస్తారన్నదాన్ని బట్టి 6 రకాలున్నాయి. మొదటి రకంలో పైపొర ఒక్కటే పోతుంది. రెండోదాంట్లో దాని కింది లిగమెంట్ (గట్టి నారపొర) కూడా, మూడోదాంట్లో కొంత కండరం కూడా తీస్తారు. మనం మాట్లాడుతుంటే ఆ మెత్తటి పైపొర కండరం మీద అలలా జారుతుంది. కోసినచోట మచ్చకట్టి బిగుసుకుంటే అల ఆగుతుంది. తంత్రులు పూర్తిగా కలవక మధ్యలోంచి గాలి పోతుంది. నాకు రెండో రకం సరిపోతుందన్నారు. జబ్బు తిరగబెడితే రేడియేషన్ చేతిలో మిగిలే ఉంటుందని లేజర్‌కే ఒప్పుకున్నాను.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు మౌనం. "గుసగుసగా చెప్పండి, నాకు వినపడుతుందిలెండి" అనేది మా ఆవిడ. స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి అదీ వద్దంది. గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతు బిగబడతారట. గొంతు సవరించుకోవడం కూడా బంద్, గుటకెడు నీళ్లు తాగాలి. లెక్చరర్ల జాతికి ఇంతకు మించిన శిక్ష లేదు.

తర్వాత సాధన. గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వస్తుండగా సన్నగా "ఊ" అనాలి. స్ట్రా ఇరుకు కాబట్టి గాలి పీడనం కొంత వెనక్కి నిలబడి, తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కంపిస్తాయి. స్వరం పెరగాలని నేను బలం పెట్టేవాణ్ణి. అప్పుడు అసలు తంత్రులకు పైనుండే మడతలు, అదే దొంగ తంత్రులంటారే, అవి దగ్గరకొచ్చి నొక్కేవి, గొంతు గరగరలాడేది. "శబ్దం వస్తోంది సార్, కానీ రావాల్సిన చోటి నుంచి కాదు" అనేసేది ఆ అమ్మాయి.

స్ట్రోబోస్కోపీ చేసిన రోజు మాత్రం పేషెంటునన్న సంగతే మర్చిపోయాను. కంపనాల పౌనఃపున్యానికి కాస్త తేడాగా లైటు వెలిగించి ఆర్పుతుంటే, సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకునే తంత్రులు తెరమీద నింపాదిగా తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తాయి. పిల్లలకు చెప్పే విస్పందనాల (బీట్స్) పాఠంలోని లెక్కే అది, నా గొంతులోనే! కుడివైపు అల బాగుంది. ఎడమవైపు కోసినచోటి మచ్చ దగ్గర ఆగి, అవతల మళ్లీ మొదలవుతోంది.

గొంతు కుదురుకోవడానికి నెలలు పట్టింది. మొదట్లో "ఆ" అంటే నాలుగైదు సెకన్లకే ఊపిరి అయిపోయేది. ఇప్పుడు ఒక పెద్ద వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పగలను. సాయంత్రానికి స్వరం పలచబడుతుంది. తంత్రుల మధ్య మిగిలిన సందును కొవ్వు ఎక్కించి గానీ, మెడ దగ్గర చిన్న ఆపరేషన్‌తో తంత్రిని లోపలికి జరిపి గానీ తగ్గించవచ్చన్నారు. జబ్బు మళ్లీ రాలేదని తేలాకే ఆ మాట ఆలోచిద్దామన్నారు. కాలర్ మైకుతో చివరి బెంచీ దాకా వినిపిస్తోంది కాబట్టి నాకూ తొందర లేదు. కెమెరా పరీక్షకు మాత్రం ఒక్కసారి కూడా వాయిదా వేయకుండా వెళ్తున్నాను.