కంటి కింది ఫిల్లర్‌ను కరిగించుకోవడం

కంటి కింద వేయించుకున్న ఫిల్లర్ (గుంటను పూడ్చేందుకు చర్మం కింద సూదితో ఎక్కించే పదార్థం) నెలలు గడిచినా ఉబ్బుగానే ఉండి, పగటి వెలుతురులో నీలి ఛాయ కనిపిస్తుండడంతో, దానిని కరిగించుకోవాలని మా అక్క నిర్ణయించుకుంది. సిరిపురంలో మేము కలిసిన చర్మవైద్యురాలు మొదట అడిగింది లోపలున్న పదార్థం ఏమిటని; ఎందుకంటే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌నే కరిగిస్తుంది తప్ప, కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ రకంపై పనిచేయదు. అదృష్టవశాత్తు సిరంజి పెట్టె మీది స్టిక్కర్ అక్క ఫైలులో భద్రంగా ఉంది. వాటి విషంలోనూ ఇలాంటి ఎంజైమే ఉంటుంది కనుక, తేనెటీగో కందిరీగో కుట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చిందా అని కూడా అడిగి, ముంజేతిపై పరీక్ష చేసిన తరువాతే ఎంజైమ్ సూది వేశారు. ఇంత విచారించని చోట ముఖాన్ని అప్పగించకూడదని నా అభిప్రాయం. మంట కాసేపే ఉంది. రెండు రోజుల్లో ఉబ్బు దాదాపు తగ్గిపోయింది. మళ్ళీ ఫిల్లర్ కావాలంటే కనీసం రెండు వారాలు ఆగాలన్నారు. అక్క ఆ ఊసే వద్దంది.