పడవలో పుకార్లు ఏం నడిచాయి?

మొన్న ఆదివారం కార్నీలియస్ ర్యాన్ 'ద లాంగెస్ట్ డే' పట్టుకున్నాను, అర్ధరాత్రికి గానీ వదల్లేదు. ఈయన డబ్లిన్‌లో 1920లో పుట్టాడు. డైలీ టెలిగ్రాఫ్ తరఫున రెండో ప్రపంచ యుద్ధాన్ని కవర్ చేసిన రిపోర్టర్. 1944 జూన్ 6న జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రదేశాల సైన్యం దిగి చేసిన దాడి గురించి రాయడానికి జనరల్స్ చెప్పిన మాటలతో సరిపెట్టుకోలేదు. పేపర్లలో ప్రకటనలిచ్చి మరీ, ఆ రోజు అక్కడున్న మామూలు సైనికులను వెతికి పట్టుకుని ప్రశ్నలు పంపాడు. ఎన్నింటికి దిగారు, పడవలో ఏ పుకార్లు నడిచాయి, డైరీ ఏమైనా రాశారా... పుకార్లట! విలేకరికి తప్ప ఎవరికి తడుతుంది ఆ ప్రశ్న? జర్మన్ల వైపు కథనూ అంతే ఓపిగ్గా సేకరించాడు. 1959లో పుస్తకం వచ్చింది.

నా కంప్లయింట్ ఒక్కటే, పేర్లు మరీ ఎక్కువ. ఎవరెవరో గుర్తుపెట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ర్యాన్ బతికుండగా వచ్చిన చివరి పుస్తకం 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్'. దాన్ని క్యాన్సర్‌తో పోరాడుతూనే రాశాడు. 1974లో అది వచ్చిన కొద్ది నెలలకే, 54 ఏళ్లకి పోయాడు. తన జబ్బు కథ కూడా ఎవరికీ చెప్పకుండా టేపుల్లో రికార్డు చేసుకున్నాడు. ఆయన పోయాక భార్య కేథరిన్ వాటి ఆధారంగా 1979లో పుస్తకం తెచ్చింది. ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.