మూడు వేళ్ళు, ముప్పై శాతం

2025 ఆగస్టు 26, మంగళవారం (ఇందులో చెప్పిన చట్టం అప్పటికి అమల్లో ఉన్న 1923 ఉద్యోగుల పరిహార చట్టం)

యూనియన్‌లో పరిహారం కేసులు చూసేది నేనే కాబట్టి పొద్దున్న ఆరున్నరకే ఫోను. భీమవరం అవతల ఒక రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రాడు రాత్రి ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే మిషన్) స్విచ్చి వెయ్యబోయి షాకు కొట్టి పోయాడంట, పాతికేళ్ళు. మాట్లాడుతున్నది వాళ్ళ బావ. పెద్దమనుషులు అప్పుడే కూర్చున్నారంట, చెరువు రైతు మూడు లక్షలు ఇస్తానన్నాడంట, రేపు చవితి కాబట్టి పండక్కి ఈ గొడవ ఉండకూడదు, మధ్యాహ్నం లోపు స్టాంపు కాయితం మీద సంతకాలు అయిపోవాలి అంటున్నారంట. తమ్ముడూ, ముందు స్టేషన్‌కి వెళ్ళి కంప్లయింట్ ఇవ్వండి, పోస్టుమార్టం అవకుండా మనిషిని కదపనివ్వొద్దు, ఆ స్టార్టర్ బాక్సూ వైర్లూ ఎవరూ మార్చకముందే ఫోటోలు తియ్యండి, ఆ కాయితం మీద మాత్రం ఎవ్వరూ సంతకం పెట్టొద్దు అని చెప్పాను. నెలకి 12 వేలు ఇచ్చేవారంట. చావు కేసుల్లో లెక్క అందులో సగానికి, అంటే 6 వేలు, పాతికేళ్ళ వయసుకి చట్టంలో ఉన్న ఫ్యాక్టర్ (గుణించే అంకె) 216.91, గుణిస్తే 13 లక్షల పైచిలుకు వస్తుంది. మూడెక్కడ, పదమూడెక్కడ. పైగా చావు కేసుల్లో ఆ డబ్బు ఈ కేసులు విచారించే కమిషనర్ దగ్గర డిపాజిట్ చెయ్యాలి, పెద్దమనుషుల ముందు చేతిలో పెట్టింది పరిహారం లెక్కలోకే రాదు, హక్కు వదులుకున్నాం అని రాసిచ్చినా సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. అన్నీ విని "మళ్ళీ ఆయన చెరువు మీదే కదండీ మేం బతకాలి" అన్నాడు. ఆ భయం ఒట్టిది కాదు, అందుకే అక్కడి యూనియన్ వాళ్ళకి ఫోన్ చేసి మనిషిని పంపించమన్నాను. పక్కన నిలబడే మనిషి లేకపోతే ఎన్ని సెక్షన్లు చెప్పినా ఆ కుటుంబం ఆ స్టాంపు పేపరు ముందు నిలబడలేదు.

ఎనిమిదింటికి అంబాజీపేటలో బస్సు, కమిషనర్ దగ్గర అక్క కేసు వాయిదాకి. ఆడవాళ్ళకి ఉచితం పెట్టాక, అంటే మొన్న పదిహేనో తారీకు నుంచి, బస్సులో కాలు పెట్టడానికి సందు లేదు, దానికితోడు పండగ సరుకు, పత్రి కట్టలు, మట్టి వినాయకుళ్ళు. అక్క నాకంటే ముందే ఎక్కి సీటు పట్టింది. పేరు రాయను, అక్క అనే రాస్తాను. చెంగు కుడిచేతి మీద కప్పుకుని కూర్చుంటుంది ఎప్పుడూ. ఆధార్ కార్డు ఎడమచేత్తో తీసి చూపించింది కండక్టర్‌కి.

అక్క పనిచేసింది పీచు మిల్లులో. కొబ్బరి డొక్కలు నానబెట్టి మిషన్లో వేస్తే పీచు వేరు, పొట్టు వేరు అవుతుంది కదా, ఆ మిషన్ నోట్లో డొక్కలు వేసేది. కిందటేడు, అప్పటికి నలభై ఏళ్ళు నిండాయి. పీచు చుట్టుకుపోయి మిషన్ ఇరుక్కుంటే లాగబోయింది, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు పోయాయి. ఆ నోటికి అడ్డుగా ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడదీసి పక్కన పడేశారు, డొక్కలు తొందరగా పడవని. ఆసుపత్రిలో చేర్పించింది మిల్లు మనిషే, చీటీలో "ఇంట్లో గ్రైండర్‌లో చెయ్యి పడింది" అని రాయించింది కూడా అతనే. అక్క అప్పుడు స్పృహలో ఉందో లేదో తనకే తెలీదు. 40 వేలు ఇచ్చి ఇంటికి పంపించారు. తర్వాత నోటీసు ఇస్తే జవాబేంటంటే, ఈవిడ మా దగ్గర పనిచెయ్యలేదు, ఆ రోజు ఎవరినో చూడ్డానికి వచ్చింది.

ఇలాంటి కేసు ఎక్కడ చచ్చిపోతుందంటే ఇక్కడే, పనిచేసినట్టు రుజువు దగ్గర. హాజరు పుస్తకంలో పేర్లుండవు. పదిమంది ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, కట్టాల్సి వస్తుందని కొంతమందివే రాస్తారు. అక్క కేసుని నిలబెట్టింది వాళ్ళమ్మాయి ఫోను. శనివారం శనివారం మిల్లు ఓనరు కొడుకు ఫోన్‌పే నుంచి 2,100, అంటే రోజుకి 350 చొప్పున ఆరు రోజులు. ఒక్కో శనివారం పైకి జరుపుకుంటూ స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్లు పెట్టాం. మధ్యలో ఒక వారం 1,750 ఉంది, ఆ వారం చుట్టాల పెళ్ళికి వెళ్ళి ఒకరోజు మానేసిందంట. అవతలి లాయరు ఆ కాయితాలు చూశాక "పనిచెయ్యలేదు" అనే మాట వదిలేశాడు. ఇప్పుడు అంటున్నది, చెయ్యి పెట్టొద్దని చెప్పినా పెట్టింది, తప్పు ఆవిడదే అని. కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నాడు అన్నంత మాత్రాన ఈ చట్టంలో పరిహారం పోదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన రూలుని కావాలని ధిక్కరించడం, అడ్డు కావాలని తీసెయ్యడం, ఇవే మినహాయింపులు, అవి కూడా మనిషి చనిపోయినా పూర్తిగా పనికిరాకుండా పోయినా వర్తించవు. ఆ రేకు తీసింది అక్క కాదు.

ఇవాళ వాయిదా డాక్టరు గారి సాక్ష్యానికి. నేను లాయర్ని కాదు, కానీ 1923 చట్టంలో సెక్షన్ 24 ఉంది, కార్మికుడు రాసిస్తే రిజిస్టర్డ్ యూనియన్ వాళ్ళు కూడా కమిషనర్ ముందు మాట్లాడొచ్చు. అలా మాట్లాడుతున్నాను.

లెక్క ఇలా ఉంటుంది. నెలకి 26 రోజుల కూలి 9,100. వైకల్యం కేసు కాబట్టి అందులో అరవై శాతం 5,460. నలభై ఏళ్ళకి ఫ్యాక్టర్ 184.17. గుణిస్తే 10,05,568. ఇది మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే. కానీ చట్టం వెనక ఒక షెడ్యూల్ ఉంది, ఒక చేతికి మూడు వేళ్ళు పోతే ముప్పై శాతం అని. అప్పుడది 3,01,670 అయిపోతుంది. డాక్టరు గారు సర్టిఫికెట్లో ముప్పై అనే రాశారు. ఆయన్ని తప్పుపట్టను, షెడ్యూల్ చూసి రాశారు. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో కూడా నలభై శాతం రాలేదు, అందుకని 6 వేల పింఛనూ లేదు. అయితే షెడ్యూల్లో ఉన్న అంకె అక్కడితో ఆఖరు కాదు. 1975లో సుప్రీం కోర్టు ముందుకి ఒక వడ్రంగి కేసు వచ్చింది, సినిమా హాల్లో పనిచేస్తూ పడిపోయాడు, ఎడమచెయ్యి మోచేతి పైకి తీసేశారు. షెడ్యూల్ ప్రకారం చూడాలి, నూటికి నూరు కాదు అని యజమాని వాదించాడు. వడ్రంగం ఒక్క చేత్తో చెయ్యలేరు కాబట్టి ఇది పూర్తి వైకల్యమే అన్న కమిషనర్ మాటే కోర్టు నిలబెట్టింది. యాభై ఏళ్ళ కిందటి తీర్పు. ఈ రోజుకీ ప్రతి కేసులోనూ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తోంది, ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

డాక్టరు గారు పెద్దాయన, ఓపిగ్గా కూర్చున్నారు. అవతలి లాయరు అడిగాడు, లైట్ వర్క్ చేసుకోవచ్చు కదండీ అని. చేసుకోవచ్చు అన్నారు. స్టెనో టైప్ చేసేసింది. తర్వాత నా వంతు. సార్, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య వరి మొక్క పట్టుకుని బురదలోకి దించగలదా అని అడిగాను. ఆయన తన చెయ్యి ఎత్తి, ఆ మూడు వేళ్ళూ మడిచి, మిగతా రెండూ దగ్గరికి తీసుకొచ్చి చూసుకున్నారు. కాసేపు అలాగే చూశారు. "కష్టం. పట్టు ఉండదు" అన్నారు. కొడవలి? లేదు. పీచు మోపు తాడేసి బిగించడం? కుదరదు. బట్టలు పిండటం? అదీ కష్టమే. సార్, ఆ ముప్పై శాతం చేతికా, సంపాదనకా? "అది చేతికి వేసిన అంచనా. ఆవిడ ఏం పనులు చేసేదో నన్ను ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ మాట అలాగే రికార్డు చెయ్యమని నేను కోరితే కమిషనర్ గారు అలాగే డిక్టేట్ చేశారు. కింద అక్క వేలిముద్ర వేసింది. ప్రమాదానికి ముందు సంతకం పెట్టేది, వకాల్తా కాయితాలు తిరగేస్తుంటే పాత బ్యాంకు పాస్‌బుక్‌లో చూశాను, గుండ్రటి అక్షరాలు.

సెప్టెంబర్ 9కి వాయిదా. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది, దాటిపోయి చాన్నాళ్ళయింది. ప్రమాదం నాటినుంచి 12 శాతం వడ్డీ కూడా అడిగాం.

తిరుగు బస్సులో భీమవరం నుంచి కబురు, కేసు రాశారు, పోస్టుమార్టం అవుతోంది, యూనియన్ కుర్రాళ్ళు ఇద్దరు ఆసుపత్రి దగ్గరే ఉన్నారు అని. సరే అనుకున్నాను. బస్సు నిండా రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే పనికి పోయే ఆడపిల్లలు, ఆటోల్లో పదిహేను మందీ కుక్కుకుని వెళ్ళేవాళ్ళు ఇప్పుడు బస్సు ఎక్కుతున్నారు. మొన్న జూలై 29న సుప్రీం కోర్టు చెప్పింది కదా, డ్యూటీకి వెళ్తూ దారిలో ప్రమాదం జరిగినా పనితో సంబంధం ఉంటే పరిహారం ఇవ్వాలని. అది ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసు, అతను చనిపోయింది 2003లో. ఇరవై రెండేళ్ళు. ఆ ఇంటావిడ ఇన్నేళ్ళు ఎలా గడిపిందో అనిపించింది. ఈ పిల్లలకి ఈ తీర్పు సంగతి ఎవరైనా చెప్పాలి, మేమే చెప్పాలి.

అక్క అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. ఉన్నట్టుండి "ఏటండి ఆ లైటు వర్కు?" అంది. "కుట్టుమిషనా? సూదిలో దారం ఎలా ఎక్కించమంటారండి? పాచిపనికెళ్తే అంట్లు జారిపోతన్నాయి, రెండిళ్ళల్లో మానిపించేసేరు." ఇంకో పావుగంటకి కిటికీలోంచి చూసి, దిగుదాం మేడంగారండీ అంది. మా స్టాపు కాదు. దిగాం. ముంపుకి పోయిన చేలల్లో మళ్ళీ నాటుతున్నారు, ఆలస్యం నాట్లు, పదిమంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు, అందులో ఇద్దరు అక్కకి తెలిసినవాళ్ళే. చెప్పులు గట్టుమీద వదిలేసి చీర ఎగదోపుకుని దిగిపోయింది. "ఓ కట్ట ఇలా ఇయ్యే" అని నారు తీసుకుంది.

నాటు నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, అయినా ఇవాళే సరిగ్గా చూశాను. ఎడమచేతిలో నారుకట్ట. కుడిచేత్తో రెండుమూడు మొక్కలు తుంచుకుని, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి వేరు దగ్గర పట్టుకుని బురదలోకి నొక్కి వదలాలి. ఆ నొక్కడంలోనే ఉంది అంతా. సరిగ్గా పోయిన వేళ్ళే. అక్క చిటికెనవేలు బొటనవేలికి ఆనించి మొక్క పట్టింది, నొక్కితే కాడ మధ్యకి వంగిపోయింది, వేరు లోపలికి వెళ్ళలేదు. రెండోది దిగింది కానీ చెయ్యి తియ్యగానే నీళ్ళమీదకి తేలిపోయింది. పక్కావిడ అప్పటికి ఆరేడు కుదుళ్ళు దాటి వెనక్కి వెళ్ళిపోయింది. అక్క ఎడమచేత్తో కూడా చూసింది, అప్పుడు కట్ట పట్టుకోడానికి కుడిచెయ్యి చాలలేదు, నారు మొత్తం నీళ్ళలో పడిపోయింది. నేను ఫోన్లో వీడియో తీస్తూనే ఉన్నాను, తియ్యాలి కాబట్టి తీశాను. అక్క ఏడవలేదు. "ఇది సూపిత్తే సాలదేటండి?" అంది గట్టెక్కుతూ.

చాలుతుందో లేదో 9వ తారీకున తెలుస్తుంది. వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోపాటు పెట్టాల్సిన సర్టిఫికెట్ రాసి మెమో పెడదామని మా లాయర్ గారితో మాట్లాడాను, పెట్టమన్నారు. కానీ అంతకంటే ముఖ్యం చేలో పనిచేసిన మనిషి వచ్చి చెప్పడం. గట్టు మీదే అడిగితే ఒకావిడ "ఆయ్, వత్తానండి, ఆ మిల్లు ఆయన చేను కాదు కదా మాది" అంది. రెండో ఆవిడ ఇంట్లో అడిగి చెప్తానంది.

సాయంత్రం ఆఫీసులో ఇంకో ఆయన కూర్చుని ఉన్నాడు, రైసుమిల్లు ఎలివేటర్‌లో కాలు నలిగి మూడేళ్ళంట, చూద్దాం చూద్దాం అని యజమాని తిప్పుతూనే ఉన్నాడంట. క్లెయిమ్ వెయ్యడానికి రెండేళ్ళే గడువు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు, ఆ "చూద్దాం" అన్న ఫోన్ కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు ఏమున్నా తీసుకురమ్మని పంపాను.

అన్నం తిన్నాక అక్క అఫిడవిట్ మొదలుపెట్టాను. మామూలుగా మేం రాసేది "కూలి పని చేసుకుని జీవించుచున్నాను" అని ఒక్క లైను. ఈసారి అలా కాదు. జూలై ఆగస్టుల్లో నాట్లు, తర్వాత కలుపు, కోతలకి కోతలు, మిగతా నెలలు పీచు మిల్లు, ఏ పనికి ఏ వేళ్ళు ఎలా వాడేదో అక్కకి ఫోన్ చేసి అడుగుతూ ఒక్కొక్కటీ రాశాను, రెండు పేజీలు దాటింది. మధ్యలో అక్క ఒకటి రాయమంది, "నాట్లలో నేను మొదటి వరస పట్టేదాన్ని, నన్ను చూసి మిగతావాళ్ళు నాటేవారు" అని. అలాగే రాశాను, మూడో పేరాలో. సాక్ష్యానికి వచ్చేవాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది కదా, అది యూనియన్ నుంచి ఇవ్వమని ఎల్లుండి మీటింగ్‌లో అడగాలి.