వడ్రంగి పిట్ట, ఎండు మాను
టక్ టక్ టక్! శ్రీవారి మెట్టు దగ్గర అందరం తలెత్తాం. ఎర్ర జుట్టు, బంగారు వీపు. వడ్రంగి పిట్ట!

ఫోన్ తీసేలోపు అదే ఎండు మాను బెరడు మీద ఇంకోటి కనపడింది. గోరంత తెల్లటి విసనకర్రలు, నూగు అంచులతో, వరసగా. వంగి కిందనుంచి చూస్తే నడిమికి చీలిన సన్నటి మడతలు. స్కైజోఫిల్లం అనే పుట్టగొడుగు జాతి.

నాకైతే వీటిల్లో పెద్ద వడ్రంగి ఈ పుట్టగొడుగులే అనిపిస్తాయి. ఇట్లాంటివి లోపల చెక్కను కుళ్లబెట్టి మెత్తబరిస్తేనే పిట్టకు గూడు తొలచడం సులువు. అది వదిలేసిన తొర్రలో చిలకలో, గోరింకలో చేరతాయి. ఎంత పెద్ద సంసారమో!

మా చేని గట్టున ఎండిన వేపమాన్ను కట్టెలకు కొట్టేద్దామంటున్నాడు నాయన. ఇంకొన్నాళ్లు ఉండనీమని ఈ రాత్రికే అడగాల.