గొంతుకి ఇచ్చారు, ముఖానికి ఇవ్వలేదు

ఆదివారం. పొద్దున్నంతా బట్టలు, ఇల్లు సర్దుకోవడంతోనే సరిపోయింది. భోజనాలయ్యాక అత్తయ్య చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని, "పాతదేదైనా పెట్టమ్మా" అన్నారు. శంకరాభరణం పెట్టాను. కాసేపటికి తెర మీద శంకరశాస్త్రి వేషంలో ఉన్న సోమయాజులు గారిని చూపించి అడిగారు: "ఈయనకి నేషనల్ అవార్డు వచ్చిందా?"

రాలేదత్తయ్యా అన్నాను. నాకు తెలిసిన సంగతే అయినా పైకి చెప్పేసరికి ప్రాణం ఉసూరుమంది.

సినిమాకి అవార్డులు రాక కాదు. 1979 జాతీయ అవార్డుల్లో సంగీతానికి మహదేవన్ గారికి, పాటలకి బాలూకి, వాణీ జయరాంకి వచ్చాయి. ఉత్తమ నటుడు మాత్రం స్పర్శ్‌లో చేసిన నసీరుద్దీన్ షా. ఆయనకి ఇచ్చినందుకు నాకేం బాధ లేదు, చూపు లేని ప్రిన్సిపాల్‌గా ఆయన చేసింది నిజంగా గొప్ప నటన. నా బాధల్లా ఒక్కటే. బాలూ గొంతు మనకి శంకరశాస్త్రి గొంతులా వినిపించిందంటే ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకుంటూ, కన్యాశుల్కం నాటకంలో రామప్ప పంతులు వేషం వేసిన జె.వి. సోమయాజులు గారి నుంచి. ఆ గొంతు ఆ ఒంట్లోంచే వస్తోందని ఆయన నమ్మించారు. కూతురు పాడుతూ పాడుతూ తప్పగానే "శారదా!" అని ఒక్క కేక వేస్తారు చూడండి, అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. తర్వాత ఏం జరుగుతుందో ఆవిడకి కంఠతా వచ్చు, అయినా ఆగింది. 'దొరకునా ఇటువంటి సేవ' దగ్గర పాటకి ఊపిరి చాలక ఆయన కూలబడుతుంటే, శిష్యుడు అందుకుని పాడుతుంటే, అక్కడ పాడుతున్నది ఇంకెవరో అన్న ఆలోచన మనకి రానే రాదు. పాటకి బహుమతి ఇచ్చినవాళ్లకి ఈ మనిషి ఎలా కనిపించలేదు?

సాగరసంగమం కూడా అంతే. 1983కి ఇళయరాజాకి వచ్చింది, మళ్లీ బాలూకి వచ్చింది. నటుడి అవార్డు అర్ధసత్యలో ఓం పురికి వెళ్లింది. అంతకుముందు ఏడాదే కమల్ హాసన్‌కి తమిళ సినిమాకి ఇచ్చారు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. నేను సర్దిచెప్పుకోలేను. ఆహ్వానపత్రిక సీనొక్కటి చాలు. మాధవి ఇచ్చిన పుస్తకంలో కమల్ ఒక్కో పేజీ తిప్పుతూ, పెద్ద పెద్ద నాట్యకళాకారుల ఫొటోలు చూసి పొంగిపోతూ ఉంటాడు. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో, తన పేరు. నవ్వు వస్తుంది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో పట్టుకోలేం. మధ్యలో అసలు గీతే ఉండదు. ఈ సినిమా అనగానే అందరూ డాన్సు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం డాన్సు లేని ఈ సీనే గుర్తొస్తుంది. రాష్ట్రంలో నంది వచ్చింది, అది మనవాళ్ల మంచితనం.

రాత్రి తమ్ముడు ఫోన్ చేస్తే ఇదే మొదలుపెట్టాను. "అక్కా, పాటల సినిమాలకి యాక్టింగ్ అవార్డు ఇవ్వరులే" అన్నాడు. అలా ఏం కాదు. స్వాతికిరణం తీసుకో. 1991 అవార్డుల్లో 'ఆనతినీయరా' పాటకి వాణీ జయరాంకి వచ్చింది. ఆ ఏడాదే ఉత్తమ నటుడు మోహన్‌లాల్, మలయాళం భరతం సినిమాకి. అదీ సంగీత విద్వాంసుల కథే, అదీ అసూయ కథే! దాన్లో పాడినందుకు ఏసుదాస్‌కీ ఇచ్చారు, తెర మీద నటించినందుకు మోహన్‌లాల్‌కీ ఇచ్చారు. అంటే గొంతునీ ముఖాన్నీ కలిపి చూడటం జ్యూరీకి తెలుసు. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెవులతోనే చూశారు. స్వాతికిరణంలో అనంతరామశర్మగా మమ్ముట్టి, పసివాడి పాట వింటూ ఒకపక్క విద్వాంసుడిగా ఆనందపడి, మరోపక్క మనిషిగా కుళ్లిపోతాడు. పాడేది పిల్లాడు, ఈయన వినడమే. వింటూ ఉన్న ముఖంలో అంత కథ నడిపిన నటుడు నాకు ఇంకొకరు గుర్తురావట్లేదు.

తెలుగు సినిమాకి ఉత్తమ నటుడు జాతీయ అవార్డు 2023లో గానీ రాలేదు, అల్లు అర్జున్‌కి. ఆ రోజు మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. సంబరంలోనే నాకు సోమయాజులు గారు గుర్తొచ్చారు. ఆయన 2004లోనే పోయారు.

"జనం గుర్తుపెట్టుకున్నారు కదక్కా, అది చాలదా?" అన్నాడు తమ్ముడు. చాలదన్నాను. జనం గుర్తుపెట్టుకోవడం జనం పని, అవార్డు ఇవ్వడం ఇచ్చేవాళ్ల పని. ఒకళ్లు చేశారు కదా అని ఇంకొకళ్లది మాఫీ అయిపోదు. వాడు ఒప్పుకోలేదు, గంటసేపు వాదించుకున్నాం. చివరికి వచ్చే వారం భరతం, స్వాతికిరణం వెంటవెంటనే చూసి మాట్లాడదామన్నాడు. సరేనన్నాను.