ముందు మడ అడవి, తర్వాతే రాళ్ల గోడలు

మన రాష్ట్రానికి దగ్గరదగ్గర వెయ్యి కిలోమీటర్ల తీరం ఉందండి, డబ్బులేమో అంతంతమాత్రం, అలాంటప్పుడు ముందు ఏది కాపాడాలో లెక్కేసుకోక తప్పదు. నన్నడిగితే ఫస్టు కాకినాడ దగ్గరున్న కోరంగి మడ అడవే అంటాను. ఆటు సమయంలో పడవలో వెళ్లి చూడండి, చెట్ల కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి వేళ్లు పైకి లేచి ఉంటాయి, వాటి సందుల్లోనే రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరిగేది, రేపు మన వలలో పడేది అవే. పైగా తుఫానొస్తే ముందు దెబ్బ కాసేదీ ఆ అడవే.

కాకినాడ పక్కనే తీరం కోతకి గురవుతున్న ఉప్పాడ సంగతి తెలిసిందే, తుఫానొచ్చిన ప్రతిసారీ రోడ్డు కొట్టుకుపోవడం, మళ్లీ రాళ్లు పొయ్యడం. పైన బ్యారేజీలు, డ్యాములు ఒండ్రుని ఆపేస్తుంటే తీరానికి మట్టి ఎక్కడినించి వస్తుంది చెప్పండి? ఊళ్లున్న చోట గోడ కట్టాల్సిందే, కాదనను, కానీ ఉన్న డబ్బంతా దానికే పోస్తే ఎలా.

రెండోది రొయ్యల చెరువుల్ని అదుపు చెయ్యడం. కోనసీమలో పక్కన ఉప్పునీటి చెరువు తవ్వితే వరి చేను, తాగే నీళ్లు రెండూ చెడతాయి, అయినా పర్మిషన్లు చూసేవాడేడీ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం మాత్రం మంచి పనే, ఆ 61 రోజుల భృతి మత్స్యకారులకి టైముకి వేస్తే చాలు.