రాగికి ఆపరేషన్ చేయించాం

సంక్రాంతి పోయినాక మా ఆడకుక్క రాగికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. వేదాయపాళెంలో మా వీధి వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎట్టా చేస్తారు, ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతున్నారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు మల్లి సంగతి చెప్పాలి. రాగి కంటే ముందు మా ఇంట్లో పెరిగిన కుక్క అది, ఎనిమిదేళ్ళది. ఒక ఏప్రిల్లో గిన్నెడు నీళ్ళు పెడితే గటగటా తాగేసి మళ్ళీ ఖాళీ గిన్నె దగ్గరే నిలబడేది. నెల్లూరు ఎండలు కదా, దప్పికేమో అనుకున్నాం. అది ఎదకొచ్చి పోయి అప్పటికి నెలైంది. అన్నం మానేసిన మూడో రోజు ఆస్పత్రికి తీసుకుపోతే గర్భసంచి నిండా చీము పట్టిందన్నారు. అప్పటికప్పుడు కోసి తీసేశారు గానీ మల్లి దక్కలేదు. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు వయసు మళ్ళేకొద్దీ ఎక్కువగా వచ్చే జబ్బట అది. ఎద తర్వాత కొన్ని వారాలకు నీళ్ళు విపరీతంగా తాగుతుంటే ఎండని సరిపెట్టుకోకండి, ఆ రోజే చూపించండి.

రాగి దసరాకు ఎదకొచ్చింది. గేటు ముందు అయిదు మగకుక్కలు మూడు వారాలు కదల్లేదు. వెంటనే చేయించేద్దామంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఆ సమయంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది, రెండు మూడు నెలలు ఆగమన్నారు. మాకూ అదే నయమనిపించింది. కార్తీకంలో వాయుగుండాలు మొదలైతే పెరడంతా బురదే, పచ్చి కుట్లతో కుక్కను ఎక్కడ పడుకోబెడతాం?

మా అత్తయ్యకు ఇష్టం లేదు. "ఒక్క ఈతన్నా ఈనకముందే కోయిస్తారా? నోరులేని దాని ఉసురు తగలదా మే?" అని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఒకసారి ఈనితే ఆరోగ్యమనే మాటలో నిజం లేదని డాక్టరు గారే ఆమెకు చెప్పారు. పైగా మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల భయం చాలా తగ్గుతుందట, ఒక్కో ఎద దాటేకొద్దీ ఆ లాభం కరిగిపోతుందట.

ముందు రోజు రాత్రి తొమ్మిది తర్వాత తిండి పెట్టొద్దన్నారు. ఆ రోజే ఇంట్లో చేపల పులుసు. రాగి వంటింటి గడప మీద తల పెట్టుకుని మూలుగుతుంటే అత్తయ్య ఓర్చుకోలేక రెండుసార్లు ముద్ద కలపబోయింది. నేను గిన్నె లాక్కున్నాను. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. పొద్దున ఆస్పత్రిలో అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే, రాత్రి ఎన్నింటికి తిన్నదని.

తూకం వేశారు, పదహారు కిలోలు. ఆ బరువును బట్టే మత్తు మోతాదు. రక్తపరీక్ష చేసి, నా చేత సంతకం పెట్టించుకుని ఇంజెక్షన్ ఇచ్చారు. నా చేతిలోనే తల వాల్చింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, రెప్ప పడలేదు. నా గుండె ఆగినంత పనైంది. మత్తులో అట్లాగే ఉంటాయమ్మా అని, ఎండిపోకుండా కళ్ళకు మందు పూశారు. గంట లోపే అయిపోయింది. తీసిన గర్భసంచిని ట్రేలో చూపించారు. పంగలకర్రలా రెండుగా చీలి, పెన్సిలంత సన్నగా, లేత గులాబీ రంగులో ఉంది. మల్లిది చీముతో ఉబ్బి నా మణికట్టంత లావుండింది. ఆ ట్రే ముందు నిలబడి ఏడ్చాను.

ఆ రాత్రి మాత్రం కష్టమే. వణికింది, తూలింది, పడుకున్నచోటే ఉచ్చ పోసుకుంది, నన్ను గుర్తుపట్టనట్టు చూస్తూ సన్నగా ఏడ్చింది. మత్తు దిగేటప్పుడు చాలా కుక్కలు అట్లా చేస్తాయట. మంచం మీద కాకుండా నేల మీద పాత దుప్పటి పరిచి, పక్కనే పడుకున్నాను. తెల్లారేసరికి నాలుగు ముద్దలు పెరుగన్నం తిని తోకాడించింది. ఇరవై నాలుగు గంటలైనా ఏమీ ముట్టకపోయినా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, కుట్ల నుంచి రక్తమో చీమో కారుతున్నా ఫోను చేసి కూర్చోవద్దు, తీసుకుపోండి.

నొప్పికి మనం వేసుకునే బిళ్ళలు వేయకూడదు. పక్కింటావిడ పారాసిటమాల్ సగం వేయమంది. అట్లాంటివీ, ఐబుప్రోఫెన్ లాంటివీ కుక్కల ప్రాణం మీదకు తెస్తాయి. డాక్టరు రాసిన మందే, రాసినంతే.

నాలుగో రోజు తప్పు చేశాను. కుట్లు నాకకుండా మెడకు కట్టిన ప్లాస్టిక్ గొట్టంతో గోడలకు గుద్దుకుంటుంటే చూడలేక కాసేపు విప్పి, బట్టలు తెద్దామని మేడ మీదికి పోయాను. దిగొచ్చేసరికి గొరిగిన పొట్ట మీద ఒక కుట్టు వదులైంది. దాని చుట్టూ ఎర్రగా, తడిగా ఉంది. మళ్ళీ ఆటో, మళ్ళీ డ్రెస్సింగు, యాంటీబయాటిక్ ఇంకో అయిదు రోజులు. నాకు పట్టిన సమయం పది నిమిషాలు కూడా కాదు. కుట్లు విప్పేదాకా ఆ గొట్టం తీయకండి, ఎంత జాలేసినా సరే. స్నానం, పరుగులు, మెట్లెక్కడం కూడా వద్దు.

మగకుక్కలకు ఇంతకంటే తేలిక. కావలిలో మా తమ్ముడి కుక్కకు చిన్న గాటుతో వృషణాలు తీసేశారు, మూడో రోజుకే గంతులు. కాకపోతే కొన్ని వారాల దాకా దానివల్ల చూలు నిలిచే అవకాశం ఉంటుంది కాబట్టి ఆడకుక్కల దగ్గరికి పోనివ్వకూడదు.

మా సందు చివర నల్లకుక్క చెవి కత్తిరించి ఉందేమిటని పిల్లలు అడుగుతుంటారు. వీధికుక్కలకు ఆపరేషన్ చేసినట్టు గుర్తు అది. 2023లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం పెంపుడు కుక్కకు చేయించాల్సిన బాధ్యత మాత్రం పెంచుకునేవాళ్ళదే.

పన్నెండో రోజు కుట్లు తీశారు. పొట్ట మీద వెంట్రుకలు పొట్టిపొట్టిగా మొలుస్తున్నాయి. ఇకమీదట ఒళ్ళు తొందరగా వస్తుందని తిండి పావు వంతు తగ్గించమన్నారు. అత్తయ్య ఇప్పుడు రాగి కోసం ఒక చిన్న గిన్నె వేరే పెట్టింది. రోజూ దాంతోనే అన్నం కొలిచి, ముళ్ళన్నీ ఏరి పెడుతోంది.